మెర్సిడెస్ 500ఈ కొనాలా, బీఎండబ్ల్యూ ఈ34 ఎం5 కొనాలా? ఒక్కటే కొనగలను

నెక్కర్_ఒడ్డు:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి, పోస్ట్ పెద్దదైతే తిట్టుకోకండి.

నేను స్టుట్‌గార్ట్ పక్కన బోబ్లింగెన్‌లో ఉంటాను, జర్మనీ వచ్చి పదకొండేళ్ళు. ఆఫీసుకీ సరుకులకీ పిల్లల స్కూలుకీ ఒక స్కోడా ఉంది, దాని పని అది చేసుకుపోతోంది. ఇప్పుడు అడిగేది సరదా బండి గురించి. 90ల నాటి నాలుగు తలుపుల స్పోర్ట్స్ సెడాన్ ఒకటి కొని, జాగ్రత్తగా పెట్టుకుని, ఆదివారాలు తిప్పుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. మొన్న సంక్రాంతికి మా ఆవిడ "సరే, ఒకటి కొనుక్కో, ఒకటంటే ఒకటే" అంది. ఆమె మనసు మారేలోపు కొనేయాలి.

వెతికి వెతికి చివరికి రెండు దగ్గర ఆగాను. ఒకటి మెర్సిడెస్ 500ఈ, డబ్ల్యూ124 అనే మోడల్ బాడీలో ఐదు లీటర్ల వీ8, 326 హార్స్‌పవర్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. రెండోది బీఎండబ్ల్యూ ఈ34 (అప్పటి 5 సిరీస్) ఎం5, వరుస ఆరు సిలిండర్లు, మాన్యువల్ మాత్రమే. నేనుండే చోటు నుంచి మెర్సిడెస్ సిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీ పక్క ఊరే, అందుకని 500ఈ మీద కాస్త ఊరి అభిమానం కూడా ఉంది, దాచుకోవడం దేనికి.

ఇప్పటిదాకా చూసినవి: 1992 500ఈ, నీలం కలిసిన నలుపు, 1,68,000 కిలోమీటర్లు. ఇరవై నిమిషాలు నడిపాను. ఇంకోటి 1993 ఎం5, 3.8 ఇంజన్, 1,90,000 కిలోమీటర్లు, ఇది ఫోటోల్లోనే చూశాను, నడపలేదు. బడ్జెట్ మొత్తం 60 వేల యూరోలు, అందులో ఓ పది వేలు కొన్నాక వచ్చే రిపేర్లకి పక్కన పెట్టాలనుకుంటున్నా.

నాకు మూడు విషయాలు చెప్పండి. పదేళ్ళ తర్వాత ఏది తన విలువ నిలబెట్టుకుంటుంది? ఏది నా జేబుకి చిల్లు పెడుతుంది? ఇద్దరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని నిజంగా ఏది వాడుకోగలం? రేసింగ్ ట్రాక్ మీదకి తీసుకెళ్ళే ఉద్దేశం లేదు. నల్ల అడవి వైపు ఘాట్ రోడ్లు, అప్పుడప్పుడు ఆటోబాన్, అంతే.


ఆరు_సిలిండర్లు:

స్వాగతం బ్రో. ముందే చెప్పేస్తున్నా, నాది మ్యూనిక్, నా దగ్గర ఉన్నది ఈ34 ఎం5 3.6, ఆరేళ్ళుగా. కాబట్టి నేను చెప్పేదాంట్లో పక్షపాతం ఉంటుంది, ఆ లెక్క తీసేసి చదువుకో.

ఎం5 తీసుకో. కారణం ఇంజన్. దానిపేరు ఎస్38, దాని మూలం 1978లో వచ్చిన ఎం1 కారులోని ఎం88 ఇంజన్. ప్రతి సిలిండర్‌కి విడిగా ఒక థ్రాటిల్, ఆరింటికి ఆరు. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం కదిపితే ఇంజన్ వెంటనే పలుకుతుంది, ఈ రోజుల్లో టర్బో కార్లు నడిపి అలవాటైనవాడికి మొదటిసారి తొక్కినప్పుడు ఉలిక్కిపాటు వస్తుంది. 3.6లో 315, 3.8లో 340 హార్స్‌పవర్, రెండిట్లోనూ అసలు బలం 6,900 ఆర్‌పీఎం దగ్గర. కింద నిద్రపోతున్నట్టు ఉంటుంది, 4,000 దాటాక లేస్తుంది, 5,000 దాటాక ఇక అరుపే. ఆ తర్వాత వచ్చిన ఈ39 ఎం5 వీ8కి మారిపోయింది, అంటే ఆరు సిలిండర్ల ఎం5 కథ దీంతోనే అయిపోయింది. కలెక్టర్లకి అదొక పెద్ద విషయం.

ఇంకో సంగతి, ఇవి డింగోల్‌ఫింగ్ ఫ్యాక్టరీ నుంచి బాడీలు తెచ్చి మ్యూనిక్ పక్కన గార్షింగ్‌లో చేత్తో బిగించిన కార్లు. 1988 నుంచి 1995 దాకా మొత్తం 12,254, అందులో 891 టూరింగ్‌లు, అంటే వెనక పొడుగు డిక్కీ ఉండే ఎస్టేట్ బండ్లు. కొంటే ఛాసిస్ నంబర్ చూడు, డబ్ల్యూబీఎస్‌తో మొదలవ్వాలి. మామూలు బీఎండబ్ల్యూలకి డబ్ల్యూబీఏ ఉంటుంది. బయట ఎం5 బ్యాడ్జి, బంపర్ తగిలించిన మామూలు 535లు బోలెడు తిరుగుతున్నాయి.

కానీ నువ్వు చూస్తున్న 3.8 విషయంలో ఒక్క మాట. దానికి ఈడీసీ, అంటే కరెంటుతో మెత్తగా గట్టిగా మారే షాకబ్జర్లు ఉంటాయి. అవి పోయాయంటే ఏడుపే, ధర విన్నాక నువ్వే కారు అమ్మకానికి పెడతావు. 3.6లో చాలావాటికి ఆ గొడవ లేదు. పాతికో యాభయ్యో హార్స్‌పవర్ కోసం ఆ తలనొప్పి ఎందుకు అని నేను 3.6 తీసుకున్నాను. తేడా 25, అంతే. 3.8 వాళ్ళు వచ్చి నన్ను కొట్టినా సరే.

500ఈ మంచి కారే, కాదనను. కాకపోతే నాలుగు గేర్ల ఆటోమేటిక్. వీకెండ్ కారులో గేరు మార్చే పని కూడా లేకపోతే ఇక చేతులతో ఏం చేస్తావు?


పాతబండి_బాబాయ్:

పైన తమ్ముడు ఇంజన్ గురించి రాసినది నిజం, చివరి వాక్యం మాత్రం కుర్రతనం. నాకు 58 ఏళ్ళు, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాను, రెండు కార్లూ నడిపాను, మా స్నేహితుడి షెడ్డులో రెండు రకాల ఇంజన్లూ విప్పగా పక్కన నిలబడి నట్లు అందించాను. నా సొంతానికి 400ఈ ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు 500ఈ ఎలా పుట్టిందో తెలుసుకో బాబూ, ఎందుకంటే దాని విలువంతా అక్కడే ఉంది. మామూలు డబ్ల్యూ124లో 500ఎస్‌ఎల్ వీ8ని పెట్టాలి, చక్రాలు వెడల్పు కావాలి, ఫెండర్లు బయటికి ఉబ్బాలి. ఆ డిజైన్ పని పోర్షేకి ఇచ్చారు. తీరా చూస్తే ఆ ఉబ్బిన బాడీ సిండెల్‌ఫింగెన్ లైన్‌లో పట్టదు. అదే సమయంలో పోర్షే దగ్గర డబ్బుల్లేవు, 959 కారు తయారుచేసిన రోస్లె-బౌ అనే హాలు పని లేకుండా ఉంది. దాంతో బాడీ భాగాలు సిండెల్‌ఫింగెన్ నుంచి పోర్షే ఉండే జుఫెన్‌హౌసెన్‌కి వెళ్ళి అక్కడ బాడీ అయ్యేవి, పెయింటింగ్‌కి మళ్ళీ సిండెల్‌ఫింగెన్, ఇంజన్ బిగింపుకి మళ్ళీ జుఫెన్‌హౌసెన్, ఆఖరి చెకింగ్‌కి మళ్ళీ సిండెల్‌ఫింగెన్. ఒక్కో కారుకి 18 రోజులు. పెళ్ళికూతురు పుట్టింటికీ అత్తింటికీ తిరిగినట్టు లారీల్లో తిరిగేవి. 1990లో పారిస్ షోలో చూపించారు, 1994 దాకా మొత్తం 10,479 చేశారు. ఇప్పుడు నువ్వు ఉంటున్నది ఆ లారీలు తిరిగిన దారి పక్కనే.

మన తమ్ముడు ఎం1 వంశం చెప్పాడు కాబట్టి ఇదీ చెప్పాలి. 500ఈలో ఉన్న ఎం119 ఇంజన్‌కే రెండు టర్బోలు తగిలించి సౌబర్ సీ9 అనే రేసు కారులో పెడితే అది 1989లో లె మాన్స్ రేసు గెలిచింది. వంశాలు ఇటూ ఉన్నాయి.

ఇప్పుడు జేబు విషయం. 500ఈలో నీకు ఖర్చు పెట్టించేవి ఇవి. మొదటిది ఇంజన్ వైరింగ్, హార్నెస్ అంటారు. 92 నుంచి 95 మధ్య మెర్సిడెస్‌లలో వాడిన వైరు పైతొడుగు వేడికి పెళుసై పొడిలా రాలిపోతుంది, ఇది అందరికీ తెలిసిన జబ్బు. రాగి బయటపడి షార్ట్ అయితే థ్రాటిల్ మోటార్, కంప్యూటర్ బాక్స్ దాకా పోతుంది. కొనేముందు "హార్నెస్ మార్చారా, బిల్లు చూపించండి" అని అడుగు. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. దాని ఖర్చు ధరలో కొట్టేయించుకో. రెండోది ఏసీ ఎవాపరేటర్. అది లీకైతే డాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి, భాగం ధర తక్కువే, కూలీ ఎక్కువ. మూడోది వెనక సస్పెన్షన్ లెవెల్ చూసుకునే హైడ్రాలిక్ బంతులు, అవి చచ్చిపోతే కారు వెనక నుంచి ఎడ్లబండిలా ఎగురుతుంది. నాలుగు, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టకటక శబ్దం వస్తే హెడ్‌లో ఆయిల్ పంపే ప్లాస్టిక్ ట్యూబుల ముక్కలు ఊడి ఉంటాయి, అది చిన్న ఖర్చే, భయపడకు. చాలామంది ఆ శబ్దం విని పారిపోతారు, నువ్వు దాన్నే చూపించి బేరం ఆడు.

వీటన్నిటికంటే పెద్దది తుప్పు. ముఖ్యంగా జాకీ పెట్టే చోట్లు, ఆ కింది ప్లాస్టిక్ పలకల వెనక. పైకి మెరుస్తూ ఉంటుంది, పలక తీస్తే వేలు దూరిపోతుంది. ముందు ఫెండర్లు ఈ మోడల్‌కే ప్రత్యేకం, వెనక ఉబ్బెత్తు భాగాలూ అంతే, మామూలు డబ్ల్యూ124వి పట్టవు. అందుకని యాక్సిడెంట్ అయిన 500ఈ జోలికి పోకు. పెయింట్ మందం చూసే మీటర్ ఒకటి కొనుక్కుని వెళ్ళు, అమ్మేవాడు మొహం మాడ్చుకున్నా ఫర్వాలేదు. ఛాసిస్ నంబర్‌లో 124 తర్వాత 036 ఉండాలి. డీలర్ దగ్గర డేటా కార్డ్ తీయిస్తే ఆ కారు ఏ రంగుతో, ఏ సామానుతో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో తెలిసిపోతుంది.

ఎం5 ఖర్చులు వేరే రకం. దానికి తమంతట తామే గ్యాప్ సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు లేవు, ట్యాపెట్ సెట్టింగ్ చేయిస్తూ ఉండాలి, సన్నటి బిళ్ళలు మార్చి గ్యాప్ సరిచేయడం. చెవికి తెలిసినవాడు చేస్తే వెన్న, తెలియనివాడు చేస్తే గోవిందా. ఆరు థ్రాటిల్స్ సమానంగా సెట్ చేయడం కూడా అలాంటిదే. జర్మనీలో ఈ పని చేతకి వచ్చినవాళ్ళు తగ్గిపోతున్నారు, అదీ నా అసలు బెంగ. మెర్సిడెస్ వీ8ని ఏ ఊళ్ళోనైనా ఒక ముసలి మెకానిక్ కళ్ళు మూసుకుని చేస్తాడు. ఎస్38ని అలా కాదు.

నా ఓటు 500ఈకి. నీకు పిల్లలున్నారు, నువ్వు ఆటోబాన్ అన్నావు. 480 ఎన్‌ఎం పికప్ ఉన్న కారు అది, 130లో వెళ్తూ కాలు కాస్త నొక్కితే ఎవరూ ఏమీ మాట్లాడకుండానే 200 అవుతుంది. వెనకవాళ్ళు నిద్రలేవరు. పక్కవాడికి అది పాత టాక్సీలా కనిపిస్తుంది, ఆ మజా వేరు.

ఒకవేళ 60 వేలు నీకు బరువుగా ఉంటే 400ఈ చూడు. అదే బాడీ, ఉబ్బులు లేవు, 4.2 వీ8, 279 హార్స్‌పవర్. సిండెల్‌ఫింగెన్ లైన్‌లోనే మామూలుగా తయారైంది. ధరలో చాలా తక్కువ. కలెక్టర్లు దాన్ని పట్టించుకోరు, నాకు కావలసిందీ అదే.


జెర్సీ_మూర్తి:

బాబాయ్ గారు రాసింది ప్రింట్ తీసి పెట్టుకోవాలి. నేను అమెరికా వైపు నుంచి విలువ గురించి చెప్తాను, ఎందుకంటే ఈ రెండు కార్ల ధరలు కేవలం జర్మనీలో నిర్ణయం కావు.

ఇక్కడ 500ఈ అధికారికంగా అమ్మినవి 1,528 మాత్రమే. ఎం5 విషయంలో ఇంకా తమాషా, మాకు 3.6 ఒక్కటే వచ్చింది, 3.8 గానీ టూరింగ్ గానీ ఇక్కడ అమ్మలేదు. ఇక్కడి చట్టం ప్రకారం 25 ఏళ్ళు దాటిన కారుని యూరప్ నుంచి తెచ్చుకోవచ్చు, దాంతో 3.8లు దాటిపోవడం మొదలైంది, టూరింగ్‌లైతే చెప్పక్కర్లేదు. అంటే నీ ఎం5 3.8కి జర్మనీ కొనేవాడితో పాటు అట్లాంటిక్ అవతల కొనేవాడు కూడా ఉన్నాడు. 500ఈకి ఈ కారణం అంతగా లేదు, మాకు అది ముందే ఉంది.

అలాగని ఎం5 ధర 500ఈని దాటిపోతుందని నేను అనను. 500ఈ వెనక పోర్షే కథ ఉంది, ఆ కథ విని కొనేవాళ్ళు ఎక్కువ. బాబాయ్ గారే ఒక పేరా మొత్తం ఆ కథకి ఇచ్చారు, చూడండి! ఎం5కి ఇంజన్ ఉంది, అది నడిపితే గానీ తెలియదు. వేలంలో ఫోటోలు చూసి కొనేవాడికి కథే పనికొస్తుంది.

నేను ఒకసారి ఫోటోలు చూసి కొన్నాను, అదీ చెప్పాలి. ఈ రెండూ కాదు, వేరే పాత జర్మన్ సెడాన్. అమ్మినవాడి పేరెందుకులే, ఎనభై ఫోటోలు పెట్టాడు, ఎనభైలో ఒక్కటీ కింద నుంచి తీసినది లేదు. ఇంటికొచ్చాక లిఫ్ట్ మీదకెక్కిస్తే వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట వెల్డింగ్ మీద వెల్డింగ్. ఏడాది పాటు మా ఆవిడ దానికి పెట్టిన పేరుతోనే పిలిచింది, ఇక్కడ రాయకూడదు. అందుకని నడపకుండా, కింద చూడకుండా ఏదీ కొనకు. నువ్వు ఎం5 నడపలేదన్నావు, నడపని కారుని ఇంకో కారుతో ఎలా పోలుస్తావు?


బంజారా_124:

అన్నలకి నమస్తే. నాది హైదరాబాద్. చిన్నప్పుడు మా వీధిలో ఒక డాక్టర్ గారికి డబ్ల్యూ124 ఉండేది, పుణెలో మెర్సిడెస్ మొదట బిగించిన మోడల్ అదే కదా, 1995 నుంచి. తలుపు వేస్తే వచ్చే శబ్దం కోసం మేము పిల్లలం వాకిట్లో నిలబడేవాళ్ళం. అందులో ఐదు లీటర్ల వీ8 పెట్టింది ఉందని తెలిసింది మాత్రం ఇంటర్నెట్ వచ్చాకే. ఒక పిచ్చి ప్రశ్న: 500ఈని ఇండియాకి తెచ్చుకునే దారి ఏమన్నా ఉందా?


పాతబండి_బాబాయ్:

లేదు నాన్నా. మొదటిది, 500ఈ ఎడమ స్టీరింగ్‌తోనే తయారైంది, కుడి స్టీరింగ్ చేయనే లేదు. రెండోది, మన దేశంలో మూడేళ్ళు దాటిన వాడిన కారు దిగుమతి చేసుకోనివ్వరు, యాభై ఏళ్ళు దాటిన వింటేజ్‌లకి వేరే దారి ఉంది, ఈ కార్లకి ఆ వయసు రావడానికి ఇంకా చాలా టైముంది. ఎం5కైతే కుడి స్టీరింగ్ ఉంది, ఇంగ్లండ్‌లో అమ్మారు, దక్షిణాఫ్రికాలో బిగించారు కూడా, కానీ మూడేళ్ళ రూలు దానికీ అదే. డాక్టర్ గారి కారు ఇంకా ఉందేమో కనుక్కో, ఉంటే అదే కొను.


నెక్కర్_ఒడ్డు:

అందరికీ దండం, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మూర్తి గారి మాట గుచ్చుకుంది, నిజమే, నడపని కారుతో పోల్చాను.

అందుకని శనివారం రెండు పనులూ చేశాను. పొద్దున మళ్ళీ 500ఈ దగ్గరికి వెళ్ళాను, పెయింట్ మీటర్ పట్టుకుని. కుడి వైపు వెనక ఉబ్బెత్తు భాగం మీద అంకె మిగతా కారుకంటే నాలుగు రెట్లు వచ్చింది. అమ్మేవాడు "పార్కింగ్‌లో గీత పడింది, అంతే" అన్నాడు. గీతకి అంత పుట్టీ పెట్టరు కదా. హార్నెస్ బిల్లు అడిగితే "మార్చే ఉంటారు" అన్నాడు, ఎవరు, ఎప్పుడు, తెలియదు. కారు మాత్రం నడుపుతుంటే అబ్బ, బాబాయ్ గారు చెప్పినట్టే, సిండెల్‌ఫింగెన్ దాటి ఏ81 ఆటోబాన్ ఎక్కగానే ఆ వీ8 లాగిన తీరుకి కారు దిగాలనిపించలేదు. అందుకే ఇంకా బాధ.

మధ్యాహ్నం ఉల్మ్ వైపు ఎం5 3.8. చల్లటి ఇంజన్‌తో స్టార్ట్ చేయమని ముందే చెప్పాను. క్లచ్ గట్టిగా ఉంది, మొదటి పది నిమిషాలు ఇది మామూలు 5 సిరీసే కదా అనిపించింది. తర్వాత ఇంజన్ వేడెక్కింది, అమ్మే ఆయన, రిటైరైన టీచర్, "ఇప్పుడు మూడో గేర్‌లో వదిలేయండి" అన్నాడు. వదిలాను. ఆరు_సిలిండర్లు బ్రో, 5,000 దాటాక అరుపు అన్నావే, అది చాలా తక్కువ చేసి చెప్పావు. కానీ గతుకుల్లో వెనక కుడి వైపు నుంచి టక్ టక్ అని వస్తోంది, ఈడీసీ స్విచ్ ఎటు తిప్పినా తేడా ఏమీ తెలియలేదు. ఆయన నిజాయితీగా "రెండు షాకబ్జర్లు పోయాయి" అని చెప్పేశాడు.

కాబట్టి ఇప్పుడు నా దగ్గర మంచి మోడల్, చెడ్డ కారు. ఇంకో మంచి మోడల్, ఖర్చున్న కారు. ఇంకో సందేహం, 500ఈలో వెనక రెండే సీట్లు, మధ్యలో ఎవరూ కూర్చోలేరు. అమ్మ ఎండాకాలం వస్తే ఐదుగురం. ఎం5లో వెనక ముగ్గురు పడతారు.


ఆరు_సిలిండర్లు:

500ఈ వదిలేయ్. వెనక ఉబ్బెత్తు భాగంలో పుట్టీ ఉంటే చర్చే లేదు, బాబాయ్ చెప్పారు కదా. అమ్మగారి కోసం స్కోడా ఉంది, అలాంటి లెక్కలు వేసుకుంటే వ్యాన్ కొనాల్సి వస్తుంది. పిల్లల సీట్లకి ఐసోఫిక్స్ (సీటు బిగించే కొక్కాలు) కూడా ఈ రెండిట్లోనూ లేదు, బెల్టుతో కట్టే సీట్లే వాడాలి, అది గుర్తుంచుకో.

3.8 కావాలంటే రెండు కాదు, నాలుగు షాకబ్జర్ల డబ్బు తగ్గించమని అడుగు. కొంతమంది ఈడీసీ పీకేసి మామూలువి వేస్తారు, నడపడానికి బానే ఉంటుంది, కానీ అమ్మేటప్పుడు ఒరిజినల్ కాదని ధర కోస్తారు. నేనైతే మంచి 3.6 కోసం ఇంకో రెండు నెలలు ఆగేవాడిని. ఫ్యాన్ రెక్కల్లా ఉండే ఆ పాత చక్రాలు ఉన్నది దొరికితే ఇంకా మంచిది, ఊరికే అందానికి కాదు, తిరుగుతుంటే బ్రేకులకి గాలి లాగడానికి చేసినవి. మా నాన్న చూసి గ్రైండర్ మూత అన్నారు. నాకిష్టం.


పాతబండి_బాబాయ్:

ఈసారి తమ్ముడితో గొడవ లేదు, ఆ 500ఈ వద్దు. కానీ మోడల్‌ని వదలకు, ఇంకో 500ఈ చూడు. తొందరేముంది, మీ ఆవిడ మాట తప్పదులే.

కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. రెండు కార్లకీ 30 ఏళ్ళు దాటాయి, పాతకాలపు కార్లకిచ్చే హెచ్ నంబర్ ప్లేట్ వస్తుంది. దానికి విడిగా ఒక తనిఖీ ఉంటుంది, కారు చాలావరకు ఒరిజినల్‌గా, మంచి స్థితిలో ఉండాలి. వస్తే పన్ను ఏడాదికి 191 యూరోలు, ఇంజన్ ఎంత పెద్దదైనా అంతే. లేకపోతే ఐదు లీటర్ల ఇంజన్‌కి ఏడు వందలు దాటుతుంది. ఊళ్ళోని ఎన్విరాన్‌మెంట్ జోన్లలోకీ కాలుష్యం స్టిక్కర్ లేకుండా వెళ్ళొచ్చు, స్టుట్‌గార్ట్‌లో అది పనికొస్తుంది. హెచ్‌తో పాటే ఏడాదిలో కొన్ని నెలలే నడిపే సీజన్ ప్లేట్ కూడా పెట్టించుకో, ఏప్రిల్ నుంచి అక్టోబర్. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలితే ఈ కార్లు మూడేళ్ళలో ముసలివైపోతాయి. ఇన్సూరెన్స్‌వాళ్ళు విలువ అంచనా కాగితం అడుగుతారు, రోజువారీకి ఇంకో కారుందా అని అడుగుతారు, నీకు ఉంది కాబట్టి సులువే.


నెక్కర్_ఒడ్డు:

అప్‌డేట్. మూడు వారాలైంది. ఇంకో మూడు 500ఈలు చూశాను. ఒకటి చాలా బాగుంది, దాని ధర 84 వేలు, చూసి దండం పెట్టి వచ్చాను. రెండోదానికి జాకీ పెట్టే చోట పలక తీయనివ్వలేదు, అంటే ఏముందో అర్థమైంది. మూడోదాంట్లో ఏసీ పనిచేయదు, "గ్యాస్ నింపితే సరిపోతుంది" అన్నాడు, బాబాయ్ గారూ, ఆ మాట వినగానే మీ డాష్‌బోర్డ్ పేరా గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నిన్న కార్ల్స్‌రూహె దగ్గర ఒక ఎం5 3.6 చూశాను. 1990ది, ముదురు నీలం, 2,14,000 కిలోమీటర్లు, ఛాసిస్ డబ్ల్యూబీఎస్, ఫ్యాన్ చక్రాలు, ఈడీసీ లేదు. ఒకే యజమాని 19 ఏళ్ళు ఉంచుకున్నాడు, ఫైల్ ఇంత లావుంది, పెట్రోల్ బిల్లులు కూడా దాచాడు పాపం. తలుపుల కింద కొంచెం తుప్పు, సన్‌రూఫ్ అంచున ఇంకొంచెం, రెండూ చూపించి ఆయనే చెప్పాడు. జాకీ చోట్లు శుభ్రం. కిలోమీటర్లు ఎక్కువే, కానీ అందరికంటే తక్కువ అబద్ధాలు చెప్పిన కారు ఇదే. 41 వేలు అడుగుతున్నాడు.

500ఈ మీద మనసు పోలేదు, అది నిజం. ఏ81 మీద దాన్ని వదిలిన ఆ ఒక్క నిమిషం ఇంకా గుర్తుంది. కానీ నా డబ్బుకి దొరికే 500ఈ, నా డబ్బుకి దొరికే 3.6 పక్కపక్కన పెడితే రెండోదే మెరుగ్గా ఉంది. గురువారం ఒక స్వతంత్ర మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపిస్తున్నాను, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.


పాతబండి_బాబాయ్:

తీసుకో. 41కి ఒప్పుకోకు, తలుపులు, సన్‌రూఫ్ చూపించి 38 నుంచి మొదలుపెట్టు. ఇంతకీ ట్యాపెట్ సెట్టింగ్ ఆఖరిసారి ఎప్పుడు చేయించాడు, ఎవరు చేశారు? ఆ లావు ఫైల్లో ఆ బిల్లు చూశావా?


నెక్కర్_ఒడ్డు:

చూడలేదు. పెట్రోల్ బిల్లులు చూసి మురిసిపోయి అది మర్చిపోయా. ఇప్పుడే ఆయనకి మెయిల్ పెడుతున్నా.